లొల్లి పాట

పోయిన నెలలో చెవుల పరీక్షకు వెళ్లాను. అరవై దాటిన మనిషికి అదేమంత వింత కాదు. ఏడాదిగా ఇంట్లో టీవీ గొంతు పెంచుతున్నది నేనేనని మా అమ్మాయి సింధు కనిపెట్టింది. మా అమ్మకు ఎనభై నాలుగేళ్లు, ఆమెవి పాము చెవులు. వెనక సందులో ఎవరింట్లో కుక్కర్ ఎన్నిసార్లు కూసిందో మంచం మీద నుంచే చెబుతుంది. నాకు మా బాపు చెవులు వచ్చాయని, తొందరగా తీసుకుపోయి చూపించమని మనవరాలిని తొందరపెట్టింది కూడా ఆమే. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి గొంతుతో బతికినదాన్ని. గొంతు పోతుందని భయపడ్డాను కానీ చెవులు పోతాయన్న ఊహ నాకెప్పుడూ రాలేదు.

పరీక్ష చేసే గది చిన్నది. గోడల నిండా స్పాంజి అతికించి ఉంది. నా నెత్తికి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టి, సన్నటి చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కమని చెప్పి అక్కడి అమ్మాయి తలుపు మూసింది. ఛత్రినాకలో పుట్టి అక్కడే ముసలిదాన్నవుతున్న నాకు అంత నిశ్శబ్దం అంతకుముందు ఎదురుకాలేదు. మా సందులో తెల్లవారకముందు కూడా ఏదో ఒక ఆటో దగ్గుతూనే ఉంటుంది. ఆ గదిలో నా నెత్తురు పారే చప్పుడు నాకు వినబడింది. కాసేపటికి దాని అడుగు నుంచి ఇంకొకటి పైకి వచ్చింది. దడదడమని, ఊపిరి తీసుకోకుండా, దుకాణం షట్టర్‌ను ఎవరో కిందికి గుంజుతూనే ఉన్నట్టు. బటన్ నొక్కాను. మళ్లీ వినబడింది, మళ్లీ నొక్కాను. నాలుగోసారికి తలుపు తెరుచుకుంది. "అమ్మా, నేనింకా ఏం మొదలుపెట్టలేదు," అంది ఆ అమ్మాయి.

తిరిగి వస్తుంటే నయాపూల్ దగ్గర మా ఆటో ఇరుక్కుపోయింది. కోర్టు వైపు నుంచి నల్లకోట్లవాళ్లు బండ్ల సందుల్లోంచి దాటుకుంటూ పోతున్నారు. అక్కడ లోపల ఏం విన్నావని సింధు అడిగింది. నలభై ఏళ్లకు పైగా నోరు తెరిచి ఎవరికీ చెప్పని సంగతి, మెల్లగా మాట్లాడితే వినబడని ఆ హారన్ల మధ్య, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. మీ శంకర్ మామ పాట విన్నాను అన్నాను. దానికి మేనమామ అంటే గోడ మీద దండ వేసిన ఫొటో. ఆయనకొక పాట ఉండేదని దానికి తెలియదు. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు రాస్తున్నది ఆ ఆటోలో చెప్పిందే, కొంచెం కుదురుగా.

అప్పట్లో మా ఇల్లు రెండు గదులు, ముందొక అరుగు, వెనక రేకుల కొట్టం. కొట్టంలో రెండు బర్రెలు. మా తాతల నుంచీ పాలమ్మి బతికిన ఇల్లది. బాపు మాత్రం బర్రెలను అమ్మకు వదిలేసి కంచన్‌బాగ్ వైపు ఒక లోహాల ఫ్యాక్టరీలో చేరాడు. ఎర్రగా కాలిన దిమ్మెలను ఇంటి ఎత్తు సుత్తె యంత్రం కింద పెట్టి సాగగొట్టే చోట ఆయన పని. హ్యామర్ షాపు అనేవాడు. నేనెన్నడూ చూడలేదు కానీ దాని వాసన మా ఇంట్లో ఉండేది. మాడిన నూనె, తుప్పు, చెమట కలిసిన వాసన అది. అమ్మ కొంగుది పచ్చిపాలు, తౌడు, పేడ కలిసిన వాసన. చీకట్లో కూడా ఎవరు పక్కన వచ్చి కూర్చున్నారో కళ్లు తెరవకుండా చెప్పగలిగేదాన్ని.

బాపు నాలుగు గంటలకు ఇంటికి వచ్చేవాడు. సైకిలు గోడకు ఆనించి, ఎవరి ముఖమూ చూడకుండా ఖాకీ చొక్కా గోడ మొలకు తగిలించి, బూడిదతో మోచేతుల దాకా తోముకునేవాడు. అమ్మ చెంబుతో చల్ల ఇచ్చేది. అది తాగి అరుగు మీద కూర్చుని చెవుల్లోంచి దూది తీసి పక్కన పెట్టేవాడు. కొబ్బరినూనెలో ముంచిన ఆ దూది రోజూ పొద్దున అమ్మే చేసి ఇచ్చేది. ఆ తర్వాత ఒక గంటసేపు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. గిన్నె జారకూడదు. పాలు పిండే బకెట్ పిడి చప్పుడు కాకుండా అమ్మ దానికి పాత చీర పేలిక చుట్టి ఉంచేది. ఎందుకట్లా అని నా చిన్నప్పుడు ఒకసారి అడిగితే, పని దిగి వచ్చినా చెవుల్లో సుత్తె కొడుతూనే ఉంటుందని, దాని మీద ఇంకో చప్పుడు పడితే తల పగిలిపోతుందని బాపు చెప్పాడు. ఆయనకు వినికిడి తగ్గుతున్నకొద్దీ చప్పుడును ఓర్చుకునే శక్తి కూడా తగ్గింది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయో మాకు అర్థమయ్యేది కాదు. వినబడదు కదా, మరెందుకు కోపం అనుకునేవాళ్లం.

అటువంటి ఇంట్లో మా అన్న శంకర్ పుట్టాడు. నాకంటే మూడేళ్లు పెద్ద. ఏ పనీ చప్పుడు లేకుండా చేయలేని మనిషి. అన్నం తింటూ కంచం మీద వేళ్లతో కొట్టేవాడు, తలుపు వేస్తూ గడియ మీద దరువు వేసేవాడు. బోనాల నాడు అమ్మవారి ఘటం ముందు డప్పులవాళ్లతో పాటు లాల్ దర్వాజ దాకా ఎగురుతూ పోయి, కాళ్లు పుండ్లు చేసుకుని వచ్చేవాడు. ఇంటర్ రెండుసార్లు తప్పి చదువు మానేశాడు. పొద్దున మా సందులో ఇళ్లకు, సైకిలు మీద నయాపూల్ దాకా హోటళ్లకు పాలు పోసి, అక్కడే ఖాజా భాయ్ రేడియో రిపేరు దుకాణంలో మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. ఖాజా భాయ్ బాపు ఈడు మనిషి. కొడుకులు లేరు. ఎవరో బాగుచేయమని ఇచ్చి తీసుకుపోని టేపు రికార్డర్ ఒకటి అన్నకు ఇచ్చాడు. దాని లోపలి స్పీకర్ చిరిగిపోతే, చచ్చిపోయిన పెద్ద రేడియో నుంచి ఇంకొక స్పీకర్ పీకి, చెక్క పెట్టెలో బిగించారు ఇద్దరూ కలిసి. బియ్యం డబ్బా అంత ఉండేది ఆ పెట్టె. పాట మోగితే దాని మీద పెట్టిన గ్లాసు నడుచుకుంటూ వచ్చి కింద పడేది.

క్యాసెట్ జుమ్మెరాత్ బజార్ నుంచి తెచ్చాడు. పాత సామాన్ల కుప్పలో దొరికిందట. పైన ఉర్దూ అక్షరాలు నీళ్లు తగిలి అలుక్కుపోయాయి. రెండు వైపులా ఖవ్వాలీలు. బాగానే ఉన్నాయి, వింటూ కూర్చున్నాం. రెండో వైపు ఆఖరి ఖవ్వాలీ అయిపోయాక టేపు కాసేపు ఉస్సుమని తిరిగింది. ఆపుదామని అన్న చెయ్యి చాపాడు. అప్పుడు ఏ హెచ్చరికా లేకుండా ఆ పాట మొదలైంది. నేను నిజంగానే వెనక్కి జరిగాను. గిటారో, కోతమిషనో తెలియదు. ఎక్కడా తెంపు లేకుండా ఒకటే గీత గీసినట్టు మోగుతోంది. దాని వెనక డ్రమ్ము, ఎవరో వెంటపడితే ఉరుకుతున్న కాళ్లలాగా. పాడేవాడికి జలుబు చేసినట్టుంది, మాటలు ముక్కులోంచి వస్తున్నాయి, ఇంగ్లీషని తప్ప ఒక్క ముక్క తెలియలేదు. రాగం తీయడం, ఆగడం, అందంగా ముగించడం ఏమీ లేవు. ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా, ఎవరో వైరు పీకినట్టు ఆగిపోయింది. తర్వాత ఖాళీ టేపు.

ఆ టేపులో దాన్ని ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మాకెన్నడూ తెలియలేదు. అన్న దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. ఆ రోజు ఎన్నిసార్లు విన్నాడో! నాకు తలనొప్పి వచ్చింది. ఏముంది ఇందులో, అరుపులే కదా అన్నాను. అన్న నాతో అన్న మాట ఇప్పటికీ అదే గొంతుతో వినబడుతుంది.

"వాళ్లకు వాయించుడు సక్కగ రాదు భాగ్యా. మూడే మూడు వరుసలు మల్ల మల్ల తిప్పుతున్నరు. అయినా సిగ్గుపడుతలేరు సూడు. గదే నాకు మస్తు నచ్చింది."

రెండుసార్లు పరీక్ష తప్పిన వాడు ఆ మాట ఎందుకన్నాడో నాకప్పుడు తట్టలేదు. తర్వాత్తర్వాత నాకూ అది ఎక్కింది. పెట్టె ముందు ఇద్దరం కూర్చుని, డ్రమ్ము ఎక్కడ మారుతుందో, జలుబు గొంతువాడు ఎక్కడ ఊపిరి మింగుతాడో వేళ్లతో చూపించుకునేవాళ్లం. బోనాల డప్పు కూడా ఇట్లాగే ఉరుకుతుందని, కాకపోతే అది అమ్మవారి గుడి దాకా పోయి ఆగుతుందని, దీనికి ఎక్కడికి పోవాలో తెలియదని అనేవాడు అన్న. బాపు ఇంటికి రాకముందే మా వినడం అయిపోవాలి. ఒకరోజు ఆలస్యమై గుమ్మంలోనే ఆయనకు వినబడింది. అప్పటికి ఆయనకు పెద్ద చప్పుళ్లు మాత్రమే తెలిసేవి. ఇంత లొల్లి ఫ్యాక్టరీలో కూడా లేదని, నాలుగు తర్వాత అది మోగితే పెట్టె పలగ్గొడతానని చెప్పాడు. ఆ రోజు నుంచి దానికి మా ఇంట్లో లొల్లి పాట అని పేరు పడింది.

ఆ వానాకాలం అన్నకు పసిరికలు వచ్చాయి. మొదట అన్నం వద్దన్నాడు, తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. అందరిలాగే మేమూ పసరు పోయించాం, ఉప్పు మాన్పించాం, చెరుకు రసం తాగించాం. పది రోజులకు కూడా తగ్గలేదు. మంచం అరుగు పక్క గదిలో వేశాం. ఆ గదిలో చెరుకు వాసన ఎంత నిండిపోయిందంటే ఇప్పటికీ వీధిలో చెరుకు బండి కనిపిస్తే నేను అవతలి పక్కకు దాటుతాను. ఒక సాయంత్రం అన్న నన్ను పిలిచి పాట పెట్టమన్నాడు. నాలుగు దాటింది, బాపు అరుగు మీద ఉన్నాడు. చిన్నగా పెడతానంటే వద్దన్నాడు, చిన్నగా వింటే అది ఆ పాట కాదన్నాడు. సరేనని పెట్టాను. బాపు లోపలికి వచ్చి వైరు గుంజేశాడు. పాట మధ్యలో పోయింది. అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. నాలుగో రోజు శవాన్ని తెచ్చారు.

ఏడాది పాటు ఆ పెట్టె మీద తువాలు కప్పి ఉంది. ఎవరూ తీయలేదు. ఆ ఏడాదిలోనే బాపు చెవులు పూర్తిగా మూసుకుపోయాయి. ఎదురుగా నిలబడి అరిచినా వినబడదు. నా చిన్నప్పటి పలక అటక మీది నుంచి దింపి, చెప్పాల్సింది దాని మీద బలపంతో రాసి చూపించేదాన్ని. ఆయనకు నెమ్మదిగా, వేలు పెట్టుకుని చదవడం వచ్చు. అమ్మకు చదువు రాదు కాబట్టి ఆమె మాటలు కూడా నేనే రాసేదాన్ని. కూర ఏం చేయమంటావు, బర్రెకు జ్వరం వచ్చింది, పిన్ని వాళ్లు వచ్చారు, ఇట్లాంటివి. శంకర్ పేరు ఆ పలక మీద ఒక్కసారి కూడా రాయలేదు.

ఒకరోజు బాపు పని నుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా తువాలు తీసి, వైరు పెట్టి, మీట నొక్కాడు. టేపు ఆ సాయంత్రం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంది. చప్పుడు ఎంత ఉందో తెలియదు కనుక ఆఖరు దాకా తిప్పాడు. సందు సందంతా మోగింది. బాపు పెట్టె ముందు గొంతుకూర్చుని, కుడిచెయ్యి చెక్క మీద ఆనించి, తల వంచాడు. ఆ చేతిలోంచి పాట ఆయన మోచెయ్యి దాకా ఎక్కడం నేను చూశాను. చర్మం వణికింది. అయిపోయాక మళ్లీ వెనక్కి తిప్పాడు. మూడు నాలుగు రోజుల్లోనే చక్రాల మీద టేపు మందం చూసి పాట ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. చెవులున్నప్పుడు వినలేని పాటను చెవులు పోయాక వింటున్నాడు. ఆయన ముఖంలో ఏడుపు కనబడేది కాదు. ఏదో కష్టమైన పని నేర్చుకుంటున్న మనిషి ముఖంలా ఉండేది.

రోజూ నాలుగింటికి అది మోగేది. ఇరుగుపొరుగు ఎవరూ ఏమీ అనలేదు, వాళ్లందరూ శంకర్ పోసిన పాలు తాగినవాళ్లే. అమ్మకు మాత్రం ఆ గంట నరకమైంది. పాట మొదలుకాగానే కొట్టంలోకి పోయేది. ఒకసారి నేను వెనకే పోయి చూశాను. బర్రె కడుపుకు నుదురు ఆనించి, రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది. బర్రె కూడా కదలకుండా నిలబడింది. పాట ఆగిన తర్వాత కూడా అమ్మ చేతులు తీయలేదు. నన్ను చూసి అప్పుడు చెప్పింది.

"మాన్పియ్యి బిడ్డా. రోజు నాలుగు గొట్టంగనే నా కొడుకు మల్ల సస్తున్నడు."

బాపుకు పలక మీద రాసి చెప్పవచ్చు. అమ్మ తట్టుకోలేకపోతోంది, ఆపు బాపూ అని నాలుగు మాటలు. ఎందుకు రాయలేదో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. అప్పుడు నాకు పదిహేడేళ్లు. రాస్తే ఆయన బాధపడతాడనుకున్నాను, పాట దానంతటదే పోతే ఎవరికీ బాధ ఉండదనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు టేపును పాట మొదటికి తిప్పి, రికార్డు మీట, దాని పక్క మీట రెండూ కలిపి నొక్కాను. పాట ఉన్నంతసేపు కదలకుండా కూర్చున్నాను. తర్వాత వెనక్కి తిప్పి విన్నాను. నల్లా చుక్కలు పడుతున్న చప్పుడు, కొట్టంలో బర్రె నెమరు, దూరంగా ఎవరో ఉల్లిగడ్డలు అమ్ముతున్న కేక. అన్న పాట మీద మా ఇంటి మధ్యాహ్నం పరుచుకుంది.

ఆ సాయంత్రం బాపు ఎప్పటిలాగే చెయ్యి ఆనించి కూర్చున్నాడు. కాసేపు ఆగాడు. వంగి చూశాడు, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. చప్పుడు పెంచే గుండీ తిప్పాడు. ఎడమ చెయ్యి కూడా పెట్టాడు. తర్వాత చెంప ఆనించాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను, పలక నా చేతిలోనే ఉంది. బాపు తల ఎత్తి నా వైపు చూసి, అరచెయ్యి చాపి చూపించాడు.

"భాగ్యా, నా చెయ్యి గూడ పోయినట్టుంది బిడ్డా."

నేనేమీ రాయలేదు. అమ్మ వెనక నుంచి వచ్చి నిలబడింది. ఆమెతో కూడా అదే చెప్పాడు, చెయ్యి చూపించి. అమ్మ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం ఊరుకున్నాం. పెట్టె మీద మళ్లీ తువాలు కప్పింది బాపే.

ఆ తర్వాత నాలుగు గంటల వేళ మా ఇంట్లో నువ్వుల నూనె వాసన మొదలైంది. అమ్మ నూనె కాచి చెంచాతో పోసేది, బాపు కుడి అరచేతిని వేలు వేలుగా తోముకునేవాడు. చన్నీళ్లలో ముంచి చూసేవాడు, వేడి చెంబు పట్టుకుని చూసేవాడు, వేడి తెలుస్తోంది కానీ అసలు స్పర్శ రావడం లేదనేవాడు. సుత్తె అదురుకు చేతులు మొద్దుబారడం ఆ పనిలో ఉన్నవాళ్లకు తెలిసిన సంగతే కనుక ఆయనకు అనుమానం రాలేదు. కొన్నాళ్లకు తనే పోయి ఫ్యాక్టరీలో చెప్పాడు. స్పర్శ లేని మనిషి సుత్తె దగ్గర ఉండకూడదని వాళ్లు ఆయనను గేటు దగ్గర కూర్చోబెట్టారు. కాలిన ఇనుముతో ఇరవై ఏళ్లు పని చేసిన మనిషి, వచ్చేపోయే సైకిళ్లకు గేటు గొలుసు తీసి వేస్తూ మిగిలిన కొలువు ముగించాడు. ఇంటికి వచ్చినప్పుడు ఆయన దగ్గర మాడిన నూనె వాసన ఉండేది కాదు. ఆ వాసన పోవడం నా వల్లనేనని నాకు తెలుసు, అమ్మకు తెలుసు. మేమిద్దరం ఆ మాట ఒక్కసారి కూడా అనుకోలేదు.

పాట కోసం వెతకలేదని కాదు. ఖాజా భాయ్ దగ్గరికి పోయాను. శంకర్ చెల్లెలినని చెప్పాల్సిన అవసరం రాలేదు, చూడగానే స్టూలు తుడిచి వేశాడు. ముక్కుతో కూని రాగం తీసి, బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. శంకర్ తనకు కూడా వినిపించాడని, ఎవరిదో తనకూ తెలియదని, దొరికితే తెచ్చి ఇస్తానని చెప్పాడు. దొరకలేదు. ఉద్యోగం వచ్చాక ఆబిడ్స్‌లో ఇంగ్లీషు క్యాసెట్లు అమ్మే దుకాణాలు ఎక్కి దిగాను. పేరు తెలియదు, మాటలు తెలియవు, పాడటం రాదు. కాటన్ చీర కట్టుకున్న పంతులమ్మ కౌంటర్ మీద దరువు వేస్తుంటే కుర్రాళ్లు నవ్వు ఆపుకునేవాళ్లు.

బాపు ఆఖరి ఏడాది మంచం మీద ఉన్నాడు. అప్పటికి నాకు పెళ్లయి, సింధు పుట్టింది. ఆయనను చూసుకోవడానికి సగం రోజులు ఇక్కడే ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆయన నిద్ర లేచి, పడుకున్నచోటే కుడి అరచెయ్యి ముఖం ముందు పెట్టుకుని తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఇంక నావల్ల కాలేదు. పలక తీసుకుని రాశాను. 'పాట నేనే చెరిపిన బాపూ. నీ చేతికి ఏం గాలేదు.' అమ్మ గడప మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. ఏం రాశావని అడగలేదు.

బాపు వేలు పెట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు. కోపం చేస్తాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను, తల మీద చెయ్యి పెడతాడని కూడా ఆశపడ్డాను. ఆయన నా ముఖం కాసేపు చూసి ఒకటే అడిగాడు.

"మరి పాట యాడుంది?"

నేను తల అడ్డంగా ఊపాను. పలక మీది అక్షరాలను ఆయనే మణికట్టుతో తుడిచేశాడు. ఆ ఏడు బోనాల ముందే పోయాడు.

ఇంత చెప్పేసరికి ఆటో మా సందు మొదట్లోకి వచ్చింది. ఆదివారం పొద్దున సింధు నా ముందు ఫోను పెట్టి, నీకు గుర్తున్నట్టు పాడు అంది. నవ్వొచ్చింది. అయినా పాడాను. ఫోను ఏవేవో పాటలు చూపించింది, అవి కావు. రెండోసారి కూడా కావు. మూడోసారి, డ్రమ్ము మారే చోటు నుంచి మొదలుపెట్టాను, నేనూ అన్నా వేళ్లతో చూపించుకున్న చోటు. సింధు ఒకటి నొక్కింది. కోతమిషను గిటారు, ఉరికే కాళ్లు, జలుబు గొంతు. నా ఎడమ చెవికి సగమే అందింది కానీ అదే. ఆబిడ్స్‌లో అన్ని దుకాణాలు ఎక్కి దిగినా దొరకనిది, పొయ్యి మీద చాయ పొంగేలోపు దొరికింది.

అమెరికాలో నలుగురు కుర్రాళ్ల బ్యాండ్ అట. వాళ్ల పేరూ పాట పేరూ నాకు ఇప్పుడు తెలుసు, ఇక్కడ రాయబుద్ధి కాలేదు. మా ఇంట్లో దాని పేరు వేరే. సింధు చదివి వినిపించింది. సంగీతం సరిగ్గా రానివాళ్లు కూడా గిటారు పట్టుకోవచ్చన్న ధైర్యం వీళ్ల వల్లే వచ్చిందని, వీళ్ల తర్వాత ప్రపంచమంతా ఎన్నో బ్యాండ్లు పుట్టాయని. ఇంటర్ తప్పిన మా అన్న నీళ్లకు తడిసిన క్యాసెట్ నుంచి ఆ సంగతి ఒక్కడే కనిపెట్టాడు, చెబితే విన్నదాన్ని నేనొక్కదాన్నే. పాటలో మాటలేమిటని అడిగాను. ఏం తోచని పిల్లలు ఊరికే తిరగడం గురించి, అంతే అంది సింధు. ఇన్నేళ్లూ అదేదో చావు గురించి అనుకుంటూ వచ్చాను. అప్పుడు ఊరంతటికీ ఆ పాట ఒక్కటే ఉన్నట్టు, అదీ మా పెట్టెలోనే ఉన్నట్టు ఉండేది. రెండు మీటలు నొక్కితే లోకంలోంచే పోయింది. ఇప్పుడు నేను చెరపాలనుకున్నా చెరగదు. అడిగిన మనిషే లేడు.

లోపలి గది నుంచి అమ్మ పిలిచింది. మేము తలుపు దగ్గరికి వేసే పాట పెట్టాం, చప్పుడు కూడా తక్కువే. అయినా ఆమె చెవులు ఆమెవి.

"అది శంకర్‌ది గదా," అంది.

ఆపేయమన్నాను సింధును. అమ్మ వద్దంది. వాకర్ పట్టుకుని తానే నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. సింధు చెంబంత స్పీకరు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టింది. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని పాట మొత్తం విన్నది. ఆగిపోయాక కూడా ఇంకా వస్తుందేమోనని చూసింది.

"గింతేనా? గింత చిన్న పాటనా అది? నాకు పొద్దూకేదాంక మోగినట్టుండె."

రెండు నిమిషాల పైన కొంచెమేనని సింధు చెప్పింది. మళ్లీ పెట్టమంది అమ్మ. రెండోసారి కూడా కదలకుండా విన్నది. మూడోసారి మోగుతుండగా, మా మధ్య ఎన్నడూ రాని ఆ సంగతిని, నా వైపు తిరగకుండానే అడిగింది.

"మీ బాపుకు పలక మీద రాసినవు సూడు. అండ్ల నా పేరు రాసినవా?"

ఆమె చిక్కుడుకాయలు తుంచుతూనే అంతా గ్రహించిందని అప్పుడు తెలిసింది. లేదన్నాను. నువ్వు మాన్పించమన్నావని కాదు, నేనే చెరిపానని మాత్రం రాశానన్నాను.

పాట ఎప్పటిలాగే తెగిపోయినట్టు ఆగింది.

"రాయాల్సుండె," అంది అమ్మ. తర్వాత సింధు వైపు చూసి, ఇంకోసారి అన్నట్టు వేలు ఎత్తింది.